సబ్‌టైప్ ‘సి’ వల్లే మందులు పనిచేయడం లేదా? జెనోటైప్ నివేదికలోని రెండు పంక్తుల గురించి

మీరు ప్రశ్నలో రాసిన వివరాలను ముందుగా ఒకచోట చేర్చుకుంటాను. మీ అన్నగారు చాలా ఏళ్లుగా హెచ్ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నారు. 2019లో టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిసిన మాత్ర వేసుకుంటుండగా వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) పెరగడంతో, వైరస్ జన్యువులోని అక్షరాల వరుసను చదివే జెనోటైప్ పరీక్ష చేయించారు. నివేదికలో పైన ‘సబ్‌టైప్ సి’ అనీ, కింద కె65ఆర్, కె103ఎన్, ఎం184వి అనే మ్యుటేషన్లు (జన్యువులో వచ్చిన మార్పులు) ఉన్నాయనీ వచ్చింది. తరువాత డోలుటెగ్రావిర్ ఉన్న మాత్రకు మార్చారు. ఇప్పుడు వైరల్ లోడ్ మళ్లీ 1,000 (మిల్లీలీటరుకు ఇన్ని వైరస్ ప్రతులని లెక్క) దాటింది. మన దేశంలో ఉన్న వైరస్ వేరే రకం కాబట్టే మందులు పనిచేయడం లేదా, ఇలాంటి రకాలు దేశంలో ఎన్ని ఉన్నాయి, మళ్లీ జెనోటైప్ చేయించాలా అన్నవి మీ మూడు సందేహాలు. నేను జెనోటైప్ పరీక్షలు చేసే ప్రయోగశాలలో చాలా కాలం పనిచేసినవాడిని, వైద్యం చేసేవాడిని కాను. కాబట్టి ఏ మందు మార్చాలో, ఎప్పుడు మార్చాలో చెప్పడం నా పని కాదు. ఆ కాగితం మీద ఉన్నదానికి అర్థం ఏమిటో మాత్రం చెప్పగలను.

ఆ నివేదికలో పై పంక్తి, కింది పంక్తి రెండు వేర్వేరు సంగతులు చెబుతాయి. సబ్‌టైప్ అనేది ఆ వైరస్ ఏ దారిన, ఎవరి నుంచి ఎవరికి సోకుతూ ఇక్కడిదాకా వచ్చిందో చెప్పే వంశనామం వంటిది. మ్యుటేషన్ల జాబితా మాత్రం ఆ వైరస్ ఏయే మందులను ఎదుర్కొని బతికిందో చెబుతుంది. నా దగ్గరకు వచ్చే ప్రశ్నల్లో సగానికి పైగా ఈ రెండింటినీ కలిపేయడం వల్ల పుట్టినవే. మందులకు లొంగకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ కింది పంక్తిలోనే ఉంటుంది. పై పంక్తి కారణమయ్యే సందర్భాలు లేకపోలేదు గాని అవి తక్కువ, వాటిని కూడా చెబుతాను.

ముందుగా రకాల సంగతి. మనుషులకు సోకే హెచ్ఐవీలో ఒకటి, రెండు అని రెండు జాతులు ఉన్నాయి. హెచ్ఐవీ-1లో ఎం, ఎన్, ఓ, పి అనే నాలుగు సమూహాలు ఉన్నప్పటికీ, ప్రపంచమంతటా వ్యాపించినది ఎం సమూహం. అది 1920 ప్రాంతంలో నేటి కాంగోలోని కిన్షాసా నగరం చుట్టుపక్కల వ్యాపించడం మొదలుపెట్టిందని జన్యు వరుసల పోలికలు సూచిస్తున్నాయి. అక్కడి నుంచి చీలిన కొమ్మలనే ఏ, బి, సి, డి వగైరా సబ్‌టైపులని పిలుస్తున్నాం. 2019లో ‘ఎల్’ అనే కొమ్మ కూడా ఈ జాబితాలో చేరింది. అమెరికాలోను, పశ్చిమ ఐరోపాలోను బి ఎక్కువ. దక్షిణాఫ్రికా, ఇథియోపియా, భారతదేశాల్లో సి ఎక్కువ. ప్రపంచంలోని మొత్తం ఇన్‌ఫెక్షన్లలో దాదాపు సగం సి వల్లనే కలుగుతున్నాయి. వైరస్ కవచాన్ని తయారుచేసే జన్యువులో ఒక సబ్‌టైప్‌కూ మరొకదానికీ 25 నుంచి 35 శాతం దాకా తేడా ఉంటుంది. అయితే మనం వాడే మందుల్లో ఎక్కువ భాగం గురిపెట్టేది కవచాన్ని కాదు, పోల్ అనే జన్యువు నుంచి తయారయ్యే ఎంజైములను. అక్కడ తేడా చాలా తక్కువ. ఆ ఎంజైముల్లో మందు అతుక్కునే గుంట అన్ని సబ్‌టైపుల్లోను ఇంచుమించు ఒకేలా ఉంటుంది. బి వైరస్ ఉన్నవారిలో పరీక్షించి తయారుచేసిన మందులు మన సి వైరస్ మీద కూడా పనిచేస్తున్నది అందుకే.

మన దేశంలో హెచ్ఐవీ ఉనికి మొదట బయటపడింది 1986లో, చెన్నైలో. డాక్టర్ సునీతి సోలమన్ పర్యవేక్షణలో ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సెక్స్ వర్కర్ల నుంచి సేకరించిన రక్త నమూనాల్లో అది కనిపించింది. ఆ తరువాతి దశాబ్దాల్లో వరుసలు చదివిన కొద్దీ తేలినదేమిటంటే, దేశంలోని వైరస్‌లో 90 శాతానికి పైగా సబ్‌టైప్ సి. అంతేకాదు, భారతీయ సి వరుసలు చాలావరకు వంశవృక్షంలో ఒకే గుత్తిగా కూర్చుంటాయి. అంటే దక్షిణాఫ్రికా ప్రాంతం నుంచి ఒకటో రెండో సార్లు వచ్చిన వైరస్ ఇక్కడ పెరిగి విస్తరించిందని అర్థం. మొదట ఏది వచ్చి పడిందో అదే ఆక్రమించింది. ఇందులో మన జన్యువులకో, మన ఆహారానికో ప్రత్యేక పాత్ర ఉందని చెప్పే ఊహాగానాలను నేను పట్టించుకోను.

ఈ ఏకరూపతకు మినహాయింపు ఈశాన్యం. మణిపూర్‌లో 1990 ప్రాంతంలో సూదిమందు ద్వారా మాదకద్రవ్యాలు తీసుకునేవారిలో వైరస్ చాలా వేగంగా వ్యాపించింది. మయన్మార్ సరిహద్దు మీదుగా హెరాయిన్ రవాణా అయ్యే దారి అది. ఆ దారిలోనే థాయిలాండ్ వైపు తిరిగే బి రకం అక్కడికి చేరి, మన సి రకంతో కలిసింది. ఒకే మనిషికి రెండు రకాలూ సోకినప్పుడు, ఒకే కణంలో రెండూ చేరితే, వైరస్ తన ప్రతిని తయారుచేసుకునేటప్పుడు ఒక అచ్చు నుంచి మరో అచ్చుకు దూకి రెండింటి ముక్కలూ కలిసిన సంకర వైరస్‌ను పుట్టిస్తుంది. బి, సి కలిసిన ఇలాంటి సంకరాలు మణిపూర్‌లోనూ, సరిహద్దుకు అవతల చైనాలోని యున్నాన్‌లోనూ నమోదయ్యాయి. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక ఉంది. మీ నివేదికలోని ‘సి’ అనే మాట పోల్ జన్యువులో చదివిన ముక్కకు మాత్రమే వర్తిస్తుంది. సుమారు 9,700 అక్షరాల జన్యుపటంలో మేము మామూలుగా చదివేది 1,000 నుంచి 1,500 అక్షరాలు. మిగతా భాగం ఇంకో రకానిది అయితే ఆ నివేదికకు తెలియదు. చికిత్సకు దీనివల్ల ఇబ్బంది ఏమీ లేదు గాని, దేశంలో ఫలానా రకం ఇంత శాతం అని లెక్కలు కట్టేవారు మాత్రం దీన్ని గుర్తుంచుకోవాలి.

సి లోపల కూడా కదలిక ఉంది. కణంలోని ఎన్ఎఫ్-కప్పాబి అనే ప్రోటీను అతుక్కుని వైరస్ జన్యువులను మేల్కొలిపే చోట్లు సబ్‌టైప్ బిలో సాధారణంగా రెండు, సిలో మూడు. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత వైజ్ఞానిక పరిశోధన కేంద్రంలో ఉదయకుమార్ రంగ బృందం భారతీయ సి వైరస్‌లలో ఇలాంటి చోట్లు నాలుగు ఉన్నవి పెరుగుతున్నాయని 2012లో వెల్లడించింది. వైరస్ ఎంత చురుకుగా పెరుగుతుందనే ప్రశ్నకు ఇది ముఖ్యం. మందులకు లొంగడానికీ దీనికీ సంబంధం లేదు.

ఇక పై పంక్తి నిజంగానే చికిత్సను శాసించే సందర్భం. అది సబ్‌టైప్ తేడా కాదు, జాతి తేడా: హెచ్ఐవీ-2. పశ్చిమాఫ్రికాకు చెందిన ఈ జాతి మన దేశంలో కొద్దిమందిలో ఉంది. నెవిరపిన్, ఎఫావిరెంజ్ వంటి నాన్-న్యూక్లియోసైడ్ మందులు అతుక్కునే గుంట దానిలో పుట్టుకతోనే వేరుగా ఉంటుంది. కాబట్టి ఒక్క మాత్ర కూడా వేసుకోని మనిషిలో సైతం అవి దాని మీద పనిచేయవు. పైగా హెచ్ఐవీ-1 కోసం తయారైన వైరల్ లోడ్ పరీక్షలు దాన్ని లెక్కించలేవు. ఫలితం ‘కనిపించలేదు’ అని వస్తుంటే సీడీ4 (రోగనిరోధక కణాల సంఖ్య) మాత్రం తగ్గుతుంటుంది. అలాంటి నమూనా చూసినప్పుడల్లా మొదట జాతిని నిర్ధారించమని రాసేవాడిని. మీ అన్నగారి విషయంలో ఆ సందేహానికి తావు లేదు, ఎందుకంటే సబ్‌టైప్ సి అని తేలిందంటే అది హెచ్ఐవీ-1.

ఇప్పుడు కింది పంక్తికి వద్దాం. వైరస్ తన ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చుకునే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ ఎంజైముకు తాను రాసినదాన్ని సరిచూసుకునే శక్తి లేదు. దాదాపు ప్రతి కొత్త ప్రతిలోను, లేదా కొన్ని ప్రతులకు ఒకసారి, ఒక అక్షరం తప్పు పడుతుంది. చికిత్స లేని మనిషి శరీరంలో రోజుకు వందల కోట్ల సంఖ్యలో వైరస్‌లు పుడతాయి కాబట్టి, సాధ్యమైన ప్రతి ఒంటి అక్షరపు తప్పూ ఏదో ఒక ప్రతిలో రోజూ జరుగుతూనే ఉంటుంది. మందు ఈ తప్పును పుట్టించదు. ముందే ఉన్న లక్షల తప్పుల్లోంచి తనను తట్టుకోగలిగిన దాన్ని బతకనిచ్చి, మిగతావాటిని తుడిచేస్తుంది. మూడు మందులు కలిపి ఇవ్వడంలోని తర్కం అదే. మూడింటినీ ఒకేసారి తట్టుకునే తప్పులన్నీ ఒకే ప్రతిలో కలిసి రావడం దాదాపు అసాధ్యం.

ఎం184వినే తీసుకోండి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌లో 184వ స్థానంలో మామూలుగా మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, దాని కోడాన్ (దాన్ని సూచించే మూడక్షరాల మాట) ఏ-టీ-జీ. మొదటి అక్షరం ‘ఏ’ పోయి ‘జీ’ వస్తే అది వేలిన్ అనే మరో అమైనో ఆమ్లం అవుతుంది, లామివుడిన్ అక్కడ ఇమడలేదు. వరుస చదివే యంత్రం ప్రతి అక్షరాన్నీ ఒక రంగు శిఖరంగా గీస్తుంది, ‘ఏ’ ఆకుపచ్చ, ‘జీ’ నలుపు. చాలా నమూనాల్లో ఆ స్థానంలో ఆకుపచ్చ శిఖరం కిందే నల్ల శిఖరం తల ఎత్తుతూ కనిపిస్తుంది. పాత వైరస్, కొత్త వైరస్ ఆ రోజు ఆ రక్తంలో పక్కపక్కనే ఉన్నాయన్నమాట. చిన్న శిఖరం మొత్తంలో సుమారు 20 శాతం కంటే తక్కువైతే ఈ పాత పద్ధతికి అది కనిపించదు. కాబట్టి ‘మ్యుటేషన్ లేదు’ అని రాసినప్పుడు ‘ఈ పరీక్షకు కనిపించేంత లేదు’ అని చదువుకోవాలి. ఎం184వి వల్ల వైరస్ కొంత బలహీనపడుతుంది, టెనోఫోవిర్‌కు కాస్త ఎక్కువగా లొంగుతుంది కూడా. అందుకే వైద్యులు అది ఉందని తెలిసినా లామివుడిన్‌ను కొనసాగించడం చూస్తుంటారు. అది పొరపాటు కాదు.

సబ్‌టైప్ సి ఒకటి రెండు చోట్ల తప్పును సులువు చేస్తుందన్నది నిజం. 106వ స్థానంలో వేలిన్‌ను సబ్‌టైప్ బి ఎక్కువగా జీ-టీ-ఏ అని రాసుకుంటుంది, సి జీ-టీ-జీ అని రాసుకుంటుంది. రెండింటి అర్థమూ ఒకటే. కాని అక్కడ మెథియోనిన్ రావాలంటే కోడాన్ ఏ-టీ-జీ కావాలి. సికి ఒక అక్షరం మారితే చాలు, బికి రెండు మారాలి. ఎఫావిరెంజ్‌కు లొంగని వి106ఎం సి వైరస్‌లో తరచుగా, బి వైరస్‌లో అరుదుగా కనిపించడానికి కారణం ఇంతే. అలాగే మీ నివేదికలోని కె65ఆర్. సి వైరస్ వరుసలో ఒకే అక్షరం వరుసగా వచ్చే ముక్క ఒకటి సరిగ్గా 65వ స్థానం దగ్గర ఎంజైమును తడబడేలా చేస్తుంది. బిలో ఆ తడబాటు 67 దగ్గర. అందువల్ల స్టావుడిన్ గాని, టెనోఫోవిర్ గాని వాడుతూ వైరల్ లోడ్ పెరిగిన సి రోగుల్లో కె65ఆర్ ఎక్కువగా బయటపడింది. అయితే ఇది జారుడు నేల మాత్రమే. మందు క్రమంగా వేసుకునే మనిషిలో వైరస్ ప్రతులే పుట్టవు కాబట్టి జారే అవకాశమూ ఉండదు.

ఇదే లెక్క దేశానికీ వర్తిస్తుంది. నిరోధకత (మందులకు వైరస్ లొంగకపోవడం) పటం చూస్తే నాకు సబ్‌టైపుల పటం కనిపించదు, మాత్రల చరిత్ర కనిపిస్తుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2004 ఏప్రిల్ 1న ఎనిమిది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచిత ఏఆర్‌టీని మొదలుపెట్టింది. అప్పటి మాత్రలు స్టావుడిన్ లేదా జిడోవుడిన్, లామివుడిన్, నెవిరపిన్ లేదా ఎఫావిరెంజ్. వైరల్ లోడ్ పరీక్ష అందరికీ అందుబాటులో లేని రోజులవి. సీడీ4 పడిపోయాకో, జబ్బు తిరగబెట్టాకో మందు విఫలమైందని తెలిసేది. ఆలోగా వైరస్ ఒక్కో మ్యుటేషన్‌ను పోగుచేసుకునేది. జిడోవుడిన్ వాడినవారిలో 41, 67, 70, 210, 215, 219 స్థానాల్లో మార్పులు మెట్లు మెట్లుగా పేరుకుపోయేవి. ఆ కాలపు నమూనాల్లో ఒకే వరుసలో ఏడెనిమిది మ్యుటేషన్లు చూడడం నాకు మామూలైపోయింది. ఉచిత వ్యవస్థ రాకముందు రెండు మందులే కొనుక్కుని వాడినవారి వరుసలు ఇంకా ఘోరంగా ఉండేవి. ప్రసవ సమయంలో తల్లికి ఇచ్చిన ఒక్క మోతాదు నెవిరపిన్ బిడ్డలను కాపాడింది గాని, ఎందరో తల్లుల్లో కె103ఎన్‌నో వై181సినో మిగిల్చింది.

ఎఫావిరెంజ్, నెవిరపిన్‌ల బలహీనత రెండు వైపులా ఉంది. మొదటిది, వాటిని ఓడించడానికి ఒక్క మ్యుటేషన్ చాలు. రెండవది, అవి రక్తంలో చాలా రోజులు నిలుస్తాయి. మూడు మందులనూ ఒకే రోజు మానేసినా, మిగతా రెండూ ముందుగా తగ్గిపోయి, ఎఫావిరెంజ్ మాత్రం ఒంటరిగా మిగులుతుంది. మందు మానేశాను కదా, నిరోధకత ఎలా వచ్చిందని అడిగేవారికి జవాబు ఇదే. పైగా కె103ఎన్ వల్ల వైరస్‌కు పెద్దగా నష్టం లేదు కాబట్టి, మందు లేకపోయినా ఏళ్ల తరబడి నిలిచి, కొత్తవారికి సోకుతుంది కూడా. చికిత్స ప్రారంభించబోయేవారిలో ఈ తరహా నిరోధకత 10 శాతానికి చేరితే ఆ దేశం ఈ మందులను మొదటి వరుస నుంచి తప్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో సూచించింది. 2019 నాటికి డోలుటెగ్రావిర్‌నే అందరికీ మొదటి ఎంపికగా ప్రకటించింది. మన దేశం కూడా ఆ తరువాత టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్రకు మారింది.

డోలుటెగ్రావిర్ గురిపెట్టేది ఇంటిగ్రేజ్ అనే వేరే ఎంజైమును. మీ అన్నగారి పాత నివేదికలోని మూడు మ్యుటేషన్లకూ దానితో సంబంధం లేదు. కె103ఎన్ ఎఫావిరెంజ్‌ను దెబ్బతీస్తుంది, డోలుటెగ్రావిర్‌ను ముట్టుకోదు. కె65ఆర్, ఎం184వి కలిసి పక్కనున్న రెండు మందులనూ బలహీనపరిచాయి గదా, డోలుటెగ్రావిర్ ఒక్కటే నిలబడగలదా అన్నది న్యాయమైన ప్రశ్న. ఉగాండా, కెన్యా, జింబాబ్వేల్లో రోగుల మీద జరిగిన నాడియా అనే చికిత్సా పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఎఫావిరెంజ్ తరగతి చికిత్స విఫలమైనవారిలో, ఈ మ్యుటేషన్లు ఉన్నా కూడా, టెనోఫోవిర్‌నే కొనసాగిస్తూ డోలుటెగ్రావిర్ ఇచ్చినప్పుడు వైరస్ బాగా అణగింది. అందుచేత మీ అన్నగారికి చేసిన మార్పు సరైనదేనని నా అభిప్రాయం. అయితే అది తప్పులను ఎంతకైనా క్షమించే మందు కాదు. డోలుటెగ్రావిర్ వాడుతూ వైరల్ లోడ్ అణగనివారిని పరీక్షించిన సర్వేల్లో 3.9 నుంచి 8.6 శాతం దాకా నిరోధకత కనిపించిందని, అప్పటికే వైరల్ లోడ్ ఎక్కువగా ఉండగా ఈ మందుకు మారినవారిలో అది 19.6 శాతం దాకా చేరిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపింది. ఇందులో మీ అన్నగారి పరిస్థితికి దగ్గరది రెండవ అంకె.

ఆ అంకెనే తిరగేసి చూస్తే, ఎక్కువమందిలో వైరల్ లోడ్ పెరగడానికి కారణం నిరోధకత కాదని కూడా అర్థమవుతుంది. మందు రక్తంలోకి చేరకపోవడమే కారణం. మాత్రలు తప్పిపోవడం అందులో ఒకటి మాత్రమే, దాన్ని నేరంలా అడిగితే ఎవరూ నిజం చెప్పరు. క్షయకు రిఫాంపిసిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ మోతాదు రోజుకు రెండుసార్లు 50 మిల్లీగ్రాములు కావాలి. ఆ రెండవ మాత్ర అందకపోతే మందు చాలదు. ఐరన్, కాల్షియం మాత్రలను డోలుటెగ్రావిర్‌తో కలిపి పరగడుపున మింగినా, అల్యూమినియం లేదా మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లను (కడుపులో ఆమ్లాన్ని తగ్గించేవి) ఎప్పుడు కలిపి మింగినా అవి దాన్ని పేగులోనే పట్టేసుకుంటాయి. ఇలాంటివి ఏమైనా వాడుతున్నారా అని ఆయనను నెమ్మదిగా అడగండి. జాతీయ మార్గదర్శకాల ప్రకారం కూడా 1,000 దాటిన వెంటనే మందు మార్చరు. మూడు నెలల పాటు కౌన్సెలింగ్‌ను ముమ్మరం చేసి, వైరల్ లోడ్ మళ్లీ చూసి, అప్పటికీ తగ్గకపోతే రాష్ట్ర స్థాయి నిపుణుల బృందానికి పంపుతారు. ఆలస్యం చేస్తున్నారని మీరు రాశారు గాని, ఈ మూడు నెలలు వృథా కావు. మందు సరిగా పడుతున్నప్పుడు తీసిన నమూనాయే నిజం చెబుతుంది.

ప్రసంగవశాత్తూ ఒక సంగతి. ఒకసారి మా ప్రయోగశాలలో సంబంధం లేని ఇద్దరి వరుసలు అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా వచ్చాయి. ఒకరి నుంచి మరొకరికి సోకిందని అనుకునే ముందు రెండు నమూనాలనూ మళ్లీ మొదటి నుంచి చేశాం. తప్పు మాదే: జన్యు ముక్కకు లెక్కలేనన్ని ప్రతులు తీసే పీసీఆర్ దశలో ఒక నమూనా చుక్క మరో గొట్టంలో పడింది. దంపతుల వరుసలు సైతం అచ్చంగా ఒకటిగా ఉండడం అరుదు. అంత వేగంగా మారే వైరస్ ఇది. వరుసలు దగ్గరగా ఉన్నంత మాత్రాన ఎవరు ఎవరికి సోకించారో నిరూపించలేం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఈ వివరాలు బయటపెట్టడమూ కుదరదు. కాబట్టి ఆ నివేదిక ఫొటోను పేరుతో సహా ఎక్కడా పెట్టకండి.

మళ్లీ జెనోటైప్ చేయించాలా అన్న చివరి ప్రశ్నకు: రెండవసారి కూడా వైరల్ లోడ్ 1,000 పైనే ఉంటే, చేయించమని అడగడం సబబే. అంతకంటే తక్కువ ఉంటే వరుసను పెంచడానికి చాలినంత ఆర్ఎన్ఏ దొరక్క చాలాసార్లు పరీక్ష విఫలమవుతుంది. రక్తం ఇచ్చేటప్పటికి ఆయన మందు వాడుతూ ఉండాలి. మానేసిన కొద్ది వారాలకే పాత వైరస్ పైకి వచ్చి ఎం184వి వంటివాటిని కప్పేస్తుంది. అవి పోవు, కణాల్లోని డీఎన్ఏలో దాక్కుని ఉంటాయి, పరీక్షకు మాత్రం కనిపించవు. అందుకే 2019 నాటి నివేదికను కూడా వైద్యుల చేతికి ఇవ్వండి, కొత్తదానిలో లేని మ్యుటేషన్ పాతదానిలో ఉంటే అది ఇప్పటికీ ఉన్నట్టే లెక్క. అన్నిటికంటే ముందు, పరీక్ష అడిగే కాగితంలో ‘ఇంటిగ్రేజ్’ అని ఉందో లేదో చూడండి. చాలాచోట్ల మామూలు జెనోటైప్ అంటే ప్రోటియేజ్, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే రెండు ఎంజైముల వరుసలు మాత్రమే చదువుతారు. ఇంటిగ్రేజ్‌ను వేరుగా చదవాలి. అది లేని నివేదికలో ఎన్ని పేజీలున్నా, డోలుటెగ్రావిర్ గురించి ఒక్క అక్షరమూ ఉండదు. అది ఉంటే 118, 148, 155, 263 స్థానాల దగ్గర ఏం రాశారో ఇక్కడ రాయండి, కలిసి చదువుదాం.